మీటరు ఎక్కడ పెడతావు, సౌమ్యా?

హైదరాబాదు,
ఆదివారం.

చిరంజీవి సౌమ్యకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టి, బ్లాక్‌చెయిన్ నోడ్లు, అంటే లావాదేవీల పద్దును బ్లాకుల గొలుసుగా దాచుకుని నడిపే కంప్యూటర్లు, వాడే కరెంటును కొలిచి తగ్గించే ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ కనబడే) పనిలో చేరబోతున్నావని నిన్న రాత్రి అక్కయ్య ఫోనులో చెప్పింది. "ఉన్న ఉద్యోగం పక్కనబెట్టి ఊరికే పనిచేయడమేమిట్రా" అని ఆవిడ కంటతడి పెడితే సర్దిచెప్పాను గానీ, ఫోను పెట్టేశాక భయమూ గర్వమూ కలిసి నాకూ నిద్ర పట్టనివ్వలేదు.

నీకు తెలిసిన సంగతులే కనుక ఒక్క మాటలో చెప్తాను: ఆ కోడు వాడకపు షరతులు, అదే లైసెన్సు, చదువు, ముందు చిన్న లోపాలు సరిచేసి నమ్మకం సంపాదించుకో, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో విడిగా ఉంచుకో.

ఇక, పొదుపైన యంత్రాలు పెట్టి బిట్‌కాయిన్ మైనింగును, అంటే లెక్కల పోటీలో గెలిచి గొలుసుకు కొత్త బ్లాకు చేర్చే పనిని, బాగుచేస్తామని ఎవరైనా అంటే వెంటనే తల ఊపకు. పది నిమిషాలకొక బ్లాకు చొప్పున రావడానికి ప్రతి 2016 బ్లాకులకూ, అంటే దాదాపు రెండు వారాలకోసారి, లెక్క కష్టాన్ని ఆ గొలుసే సవరించుకుంటుంది. అందుచేత పొదుపైన యంత్రం వస్తే, మిగిలిన డబ్బుతో మరో యంత్రం తగిలిస్తారు తప్ప మొత్తం వాడకం తగ్గదు. పద్ధతే మారాలి. ఇథీరియం అనే మరో గొలుసు 2022 సెప్టెంబరు 15న ఈ లెక్కల పోటీ పద్ధతిని, అదే ప్రూఫ్ ఆఫ్ వర్క్‌ను, వదిలి, నాణేలు పూచీగా పెట్టినవాళ్లు బ్లాకులు చేర్చే ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కు మారినప్పుడు వాడకం 99 శాతానికి పైగా పడిపోయింది. ఆ అంకెకన్నా వాళ్లు పనిచేసిన తీరు నాకు ఎక్కువ నచ్చింది. వేర్వేరు బృందాలు గో, రస్ట్, జావా, నిమ్ భాషల్లో రాసిన కోడంతా అందరి కళ్లెదుట ఉంచారు. 2020 డిసెంబరు నుంచే కొత్త గొలుసును పక్కన విడిగా నడిపారు. అసలుదాన్ని ముట్టుకునే ముందు రాప్‌స్టెన్, సెపోలియా, గోర్లీ అనే పరీక్షా గొలుసుల మీద ప్రయత్నించి చూసుకున్నారు.

నేను దీనికి సరిగ్గా తలకిందులుగా చేశాను. 2006లో బేగంపేటలోని ఒక కంపెనీ మెషీన్ రూము నా చేతిలో ఉండేది. నలభై పాత సర్వర్లు తీయించి, పద్నాలుగు కొత్తవి పెట్టించి, యూపీఎస్ తర్వాత, సర్వర్లు పేర్చిన ర్యాకు దగ్గర మాత్రమే రీడింగు తీసుకుని, కరెంటు సగానికి సగం తగ్గిందని నివేదిక రాశాను. పైవాళ్లు శాలువా కప్పారు. లెక్కల షీటు చూపించమన్నవాళ్లతో, చివరి అంకె చూస్తే చాలదా అన్నాను. రాత్రి డ్యూటీ చేసే సిద్దిపేట కుర్రవాడొకడు రోజూ పదకొండు గంటలకు మెయిన్ బోర్డు రీడింగు నోటుబుక్కులో రాసుకునేవాడు. అక్కడ ఏమంత తగ్గలేదని చూపించడానికి వచ్చాడు. "నీ డ్యూటీ నువ్వు చూసుకో" అన్నాను. వాడు పుస్తకం మూసి, చెమటపట్టిన చేత్తో దాని అట్ట తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మూడు నెలలకు బిల్లుతో అకౌంట్సు వాళ్లు వచ్చారు. అప్పుడు వెతికితే ఏమేమి బయటపడ్డాయో విను. భారం తగ్గిన పెద్ద యూపీఎస్ తక్కువ సామర్థ్యంతో నడుస్తూ తన వంతు వృథా చేస్తోంది, రెండు ఏసీలూ అదే 18 డిగ్రీల మీద ఆడుతున్నాయి, అన్నిటికన్నా సిగ్గుచేటు, నేను తీయించిన పాత సర్వర్లలో ఇరవై పక్క గదిలో వేరే విభాగం వాళ్లు తగిలించుకుని వాడుతున్నారు! (ఇథీరియం మారాక దాని మైనింగు యంత్రాలు కొన్ని ఇతర గొలుసులకు తరలిపోయాయని చదివినప్పుడు నాకు ఆ పక్క గదే గుర్తొచ్చింది.) క్షమాపణ చెబుదామని చూస్తే కుర్రవాడు అప్పటికే ఉద్యోగం మానేశాడు. ఆ పుస్తకం కూడా వాడితోనే పోయింది.

నీకూ నా బుద్ధే ఉందన్నది నా భయం. ఎంసెట్ రోజుల్లో తప్పిన లెక్కను ఎవరికీ కనబడకుండా చింపేసేదానివి. ఆ ముక్కలు ఏరి, అతికించి, ఎక్కడ తప్పిందో చూసింది నేనే. ఈ పనిలో కాగితం చింపే వీలు పెట్టుకోవద్దు. గోడ సాకెట్టు దగ్గర కొలిచిన ముడి రీడింగులనూ కొలిచిన పద్ధతినీ కోడుతోపాటే బయట పెట్టు. నోడు మొదట గొలుసంతా దింపుకునే రోజుల వాడకాన్నీ, ఆ తర్వాత నిలకడగా నడిచే రోజుల వాడకాన్నీ కలిపేయకు. బిట్‌కాయిన్ వాడకానికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు ఇచ్చే సూచీ అంచనాతోపాటు కనిష్ఠాన్నీ గరిష్ఠాన్నీ చూపిస్తుంది; నువ్వూ అలాగే చూపించు. యూనిట్టు ఒకటే అయినా పొగ ఒకటి కాదు: మాదాపూరులో నీ నోడు తాగే కరెంటులో రామగుండం బొగ్గు ఉంటుంది, నార్వేలో ఎక్కువ భాగం నీటి నుంచి వస్తుంది. ఎవరైనా నీ అంకె తప్పంటే, జవాబు రాసే ముందు వాళ్ల రీడింగు అడిగి తెప్పించుకో.

విదేశాల వాళ్లతో సమావేశాలు నీకు అర్ధరాత్రి పడతాయి. వారానికి రెండుకు మించి ఒప్పుకోకు. ఇప్పటికే నీ కళ్లద్దాలు మందమయ్యాయి. అక్కయ్యతో నేను మాట్లాడతాను.

నా పాత క్లాంప్ మీటరు అక్కయ్య చేత పంపుతున్నాను, బ్యాటరీ మార్చుకో. ఎక్స్‌టెన్షన్ బోర్డులో తీగలు విడదీసి, ఫేజు తీగనొక్కదాన్నే దాని దవడలో పట్టించాలి. ఆ పని ఎలక్ట్రీషియను చేత చేయించుకో, నువ్వు చెయ్యి పెట్టకు. ఫేజూ న్యూట్రలూ కలిపి పట్టిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని, కరెంటు పారుతున్నా సున్నా చూపిస్తుంది. మొదటిసారి అది చూసి నేను చాలా సంతోషించాను.

నీ మావయ్య