బొమ్మలో శనిని వెతికే ముందు

అమ్మడూ, ఆశీస్సులు.

బెర్లిన్ వెళ్తున్నావనీ, పాత నెదర్లాండ్స్ చిత్రాల్లో గ్రహాలు, మనిషి స్వభావాల గురించి వ్యాసం రాస్తావనీ తెలిసి సంతోషించాను. ఏ బొమ్మలో ఏ గ్రహమో ముందే లిస్టు వేసుకున్నావట. దాన్ని ఇంట్లో వదిలి వెళ్లు. మొదట్లో నేనూ అలాగే లిస్టు పట్టుకుని, నల్లబట్ట కట్టుకున్న ప్రతివాడిలోనూ శనిని చూశాను.

ముందు లింబూర్గ్ సోదరుల 'రాశి పురుషుణ్ణి' చూడు. ముగ్గురూ నైమెగెన్ ఊరివాళ్లు. ఫ్రాన్సులో బెర్రీ ప్రభువు కోసం ప్రార్థనల పుస్తకానికి బొమ్మలు వేస్తూ, అది పూర్తికాకుండానే 1416లో పోయారు. పుస్తకం షాంటిల్లీలో ఉంది, నీకు ఫొటో చాలు. వీపుకి వీపు ఆనించిన రెండు దేహాలు, తలమీద మేషం మొదలు పాదాల కింద మీనం దాకా పన్నెండు రాశులు. అందం చూసి అక్కడే ఆగిపోకు, నాలుగు మూలల్లో ఉన్న లాటిన్ చదువు. మేషం, సింహం, ధనుస్సు వేడి, పొడి, పిత్త స్వభావం, తూర్పు దిక్కు. వృషభం, కన్య, మకరం చల్లన, పొడి, నల్ల పిత్తం (అంటే దిగులు స్వభావం), పడమర. ఇక్కడ ఊహించే పనే లేదు, రాసే ఉంది.

మనవాళ్లు తడబడేది ఇక్కడే. మనకు వాత పిత్త కఫాలు మూడు. వాళ్లకు రక్తం, పసుపు పిత్తం, నల్ల పిత్తం, శ్లేష్మం అని నాలుగు. నల్ల పిత్తానికి మన దగ్గర సరైన జోడీ లేదు, దాని గ్రహం మాత్రం శనే. మన శుక్రుడు రాక్షసుల గురువు, వాళ్ల శుక్రుడేమో వీనస్ అనే ఆడమనిషి! వాళ్లకు చంద్రుడూ ఆడమనిషే.

ఇక బెర్లిన్‌లో గెమెల్డెగాలరీ అనే చిత్రశాలలో, నెదర్లాండ్స్‌లోని హార్లెంలో పనిచేసిన గీర్ట్‌గెన్ వేసిన బాప్తిస్మమిచ్చు యోహాను బొమ్మ. ఎత్తు 42 సెంటీమీటర్లే, దగ్గరికి వెళ్లాలి. పచ్చని చోట చెంపకు చెయ్యి ఆనించి కూర్చున్నాడు, పక్కన గొర్రెపిల్ల. ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని ఉంటాడు. నాకు ఆ పాదాలంటే ఎంతిష్టమో! తలకు చెయ్యి ఆనించడం నల్ల పిత్తం మనిషి కూర్చునే తీరు. 1514లో జర్మనీలో ద్యూరర్ అనే చిత్రకారుడు చెక్కిన 'మెలంకోలియా' బొమ్మలోనూ అదే కనిపిస్తుంది. అలాగని యోహానుకు శని పట్టిందని రాసేయకు. అక్కడ గ్రహం పేరెక్కడా లేదు. దిగులెందుకో గొర్రెపిల్లే చెబుతోంది, అది క్రీస్తు బలికి గుర్తు. కూర్చునే తీరు వైద్యుల నుంచి తీసుకుని, దాన్ని భక్తుడికి ఇచ్చాడు చిత్రకారుడు. ఆ మార్పు ఎలా జరిగిందో రాయి, గ్రహాల సంగతి తర్వాత.

ఆ బొమ్మ ముందు ఓ అరగంట నిలబడు, ఫోన్ బ్యాగులోనే ఉండనీ. పాదాలు చూడ్డం మరిచిపోకు.

మీ పెదనాన్న