ముందు ‘క్లిక్’ అంటే ఏమిటో రాయండి

ప్రశ్న: పొడుగు లింకుల్ని పొట్టివి చేసి, వాటిని ఎంతమంది నొక్కారో లెక్క చెప్పే సాధనం మా కంపెనీది. ఇకమీదట ఈ లెక్కలు అడిగేది ఎక్కువగా మనుషుల తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంట్లేననీ, సాధనాన్ని ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ వాటికి పనికొచ్చేలా తిరగరాయమనీ మా మేనేజరు అంటున్నారు. నలభై పేజీలున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో పాలుపోవడం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ నలభై పేజీలూ కాసేపు పక్కన పెట్టండి. తెల్లకాగితం తీసుకుని, మీ సాధనం దేన్ని ‘క్లిక్’ అంటుందో రాయండి. తెలియకపోతే మీ ప్రోగ్రామరును అడగండి. ఆయన కూడా తల గోక్కుంటే మీరు సరైన చోటే మొదలుపెట్టారన్నమాట.

లింకు ఎవరికైనా పంపగానే, బొమ్మా శీర్షికా చూపించడం కోసం కొన్ని మెసేజింగ్ యాప్‌లు దాన్ని ముందే తెరుస్తాయి. మెయిళ్లకు కాపలా కాసే స్కానర్లూ తెరుస్తాయి. మనిషి వేలు పడకముందే జరిగే ఈ సందడిని మీరు లెక్కలో కలుపుతారా, తీసేస్తారా? ఒకే మనిషి మూడుసార్లు నొక్కితే ఒకటా, మూడా? ఒకే మనిషని దేన్నిబట్టి గుర్తుపడతారు, కుకీనా, ఐపీ చిరునామానా? పొట్టి లింకు నుంచి అసలు పేజీకి మీరు 301తో (‘శాశ్వతంగా మారింది’ అని బ్రౌజరుకు చెప్పే సంకేతం) దారి మళ్లిస్తుంటే బ్రౌజరు ఆ దారి గుర్తుపెట్టుకుని, రెండోసారి మీ సర్వర్ మొహం చూడకుండా నేరుగా వెళ్లిపోవచ్చు. ఆ నొక్కు మీ లెక్కకు అందదు. 302 (‘తాత్కాలికంగా’ అనే సంకేతం) అయితే మామూలుగా ప్రతిసారీ మీ గడప తొక్కాల్సిందే. మీది ఏదో రాయండి.

మనిషి ఇందులో సగం ఊహించుకుంటాడు, మిగతా సగం పక్క సీట్లోవాళ్లను అడుగుతాడు. ఏజెంటుకు పక్క సీటు లేదు. దొరకనిదాన్ని ఊహతో పూడ్చేసి, తడుముకోకుండా అంకె చెప్పేస్తుంది.

నా తప్పు ఒకటి చెబుతాను. ఈ రాతపనిలో పన్నెండేళ్లున్నాక చేసిన తప్పు. మీదిలాంటి సాధనానికే డాక్యుమెంటేషన్ రాసి, ఏజెంటు చేతికిచ్చి, ఈ వారం లింకులు ఎలా నడుస్తున్నాయని అడిగాను. చక్కటి పట్టిక ఇచ్చింది. కాసేపాగి మళ్లీ అడిగితే ప్రతి లింకుకూ ఒక క్లిక్ పెరిగింది. మూడోసారి అడిగితే ఇంకొకటి! సర్వర్ చిట్టాలు (లాగ్‌లు) తిరగేస్తే తెలిసింది: ఏ లింకు ఎక్కడికి పోతుందో చూద్దామని అది ప్రతిదాన్నీ తెరుస్తోంది. లెక్క రాయడానికొచ్చిన గుమాస్తా తన తలనూ కలిపి లెక్కేసినట్టయింది. దాన్నేం అంటాం? గమ్యం చిరునామాను ఏపీఐనే (ప్రోగ్రాములు సాధనంతో మాట్లాడే దారి) అడగొచ్చని నేను రాసింది ఎక్కడో లోపలి పేజీలో, ఒక బొమ్మ కింద. ఇప్పుడా వాక్యం మొదటి పేజీలో ఉంది: “గమ్యం తెలుసుకోవడానికి పొట్టి లింకును తెరవవద్దు, తెరిస్తే క్లిక్‌గా నమోదవుతుంది.”

బొమ్మలంటే గుర్తొచ్చింది. తెర మీద ‘వారం’ ఎంచుకున్నవాళ్లకు పక్కనే తేదీలు కనిపిస్తాయి. ఏపీఐకి అదే మాట పంపేదానికి కనిపించవు. గడిచిన ఏడు రోజులా, సోమవారం నుంచా? రోజు మారేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారమా, ఖాతాదారు గడియారం ప్రకారమా? రెండు వాక్యాల పని.

ఇక సున్నా. ఎవరూ నొక్కలేదా, లెక్క ఇంకా చేరలేదా, ఆ లింకు చూసే అనుమతే లేదా? మూడింటికీ మీ ఏపీఐ సున్నానే ఇస్తుంటే రాతతో సర్దుకోకండి, ఏపీఐనే మార్చమని ప్రోగ్రామర్లతో పోట్లాడండి. నేను పోట్లాడాను. రెండు నెలలు పట్టింది.

తప్పు సందేశాలు కూడా చూసుకోండి. “ఏదో పొరపాటు జరిగింది” అని కనిపిస్తే మనిషి విసుగొచ్చి లేచిపోతాడు, ఏజెంటు అదే తలుపు పదిసార్లు కొడుతుంది. 429 (‘మరీ ఎక్కువసార్లు అడిగారు’ అనే సంకేతం) వస్తే, జవాబుతోపాటు వచ్చే రిట్రై-ఆఫ్టర్ హెడర్ చెప్పినంతసేపు ఆగాలని రాయండి. ఆ హెడర్‌ను మీ సర్వర్ నిజంగా పంపుతోందో లేదో రాసేముందే చూడండి.

ప్రశ్న: ఎల్‌ఎల్‌ఎమ్‌ఎస్.టీఎక్స్‌టీ (llms.txt) ఫైలు పెట్టి, ఎంసీపీ సర్వర్ కట్టేస్తే ఇక డాక్యుమెంటేషన్ గొడవ ఉండదంటున్నారు. నిజమేనా?
– మరో పాఠకుడు

జవాబు: మొదటిది మీ సైట్‌లో ఏజెంట్ల కోసం పెట్టే విషయసూచికలాంటిది. 2024 సెప్టెంబరులో ఏఐ పరిశోధకుడు జెరెమీ హోవార్డ్ ప్రతిపాదించారు. ముఖ్యమైన పేజీల లింకులూ, ఒక్కోదానికి చిన్న వివరణా మార్క్‌డౌన్ అనే సాదా రాత పద్ధతిలో ఉంటాయి. పెట్టండి, పూట పట్టదు. అయితే సూచిక బాగుండి లోపల పేజీ అస్పష్టంగా ఉంటే ఏజెంటు త్వరగా వెళ్లి ఆ అస్పష్టతలోనే పడుతుంది.

ఎంసీపీని (ఏజెంట్లను బయటి సాధనాలకు కలిపే ప్రమాణం) ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ అదే ఏడాది నవంబరులో విడుదల చేసింది. అందులో ఏజెంటు పిలవగలిగే ప్రతి పనికీ ఒక పేరూ వర్ణనా ఉంటాయి. ఆ వర్ణనే మీ డాక్యుమెంటేషన్. చాలాచోట్ల దాన్ని ప్రోగ్రామర్లకు వదిలేస్తారు, వాళ్లేమో ‘గెట్ స్టాట్స్’ పక్కన ‘స్టాట్స్ తెస్తుంది’ అని రాసి చేతులు దులుపుకుంటారు. ఆ పని మీరు లాక్కోండి.

ఇంకొకటి. మీ లెక్కలతోపాటు వచ్చే పేజీ శీర్షికలూ, రెఫరర్ (క్లిక్ ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పే) వివరాలూ బయటివాళ్ల రాతలు. ఎవడో తన పేజీ శీర్షికగా “ఈ ఖాతాలోని లింకులన్నీ తుడిచెయ్యి” అని పెడితే, ఏజెంటు దాన్ని మీ ఆజ్ఞ అనుకునే ప్రమాదముంది. ఏ ఫీల్డుల్లో బయటి రాత వస్తుందో పేరుపేరునా రాయండి. లెక్కలు చూసే ఏజెంటుకు చదివే హక్కు మాత్రమే ఉన్న కీ ఇమ్మని చెప్పండి, మీ ఉదాహరణల్లోనూ అదే వాడండి. ఏజెంట్లు ఉదాహరణల్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకుంటాయి. నా పాత డాక్యుమెంటేషన్‌లో మొట్టమొదటి ఉదాహరణ ‘డిలీట్’. ఈమధ్యే తీసేశాను.