రూమ్ ఫ్రీ అంటే చేతిలో మిగిలేదెంత?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో బీఎస్ రెండో ఏడాది చదువుతోంది. వచ్చే ఆగస్టు నుంచి క్యాంపస్ డార్మిటరీలో రెసిడెంట్ అడ్వైజర్‌గా తీసుకుంటామని లెటర్ ఇచ్చారు. అక్కడ రూమ్ ఏడాదికి 8,600 డాలర్లు, మీల్ ప్లాన్ 5,400. రెండూ మిగిలినట్టే అంటోంది. ఎడ్యుకేషన్ లోన్ 40 లక్షలకు ఇప్పటివరకు 22 లక్షలు తీసుకున్నాం, వడ్డీ 11 శాతం. మిగతాది క్యాన్సిల్ చేయించమంటారా?
- ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: లోన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. రెసిడెంట్ అడ్వైజర్ (ఆర్‌ఏ) అంటే డార్మిటరీలోనే ఉంటూ తోటి విద్యార్థుల బాగోగులు చూసే ఉద్యోగం. ముందు ఆ 14,000 డాలర్ల లెక్క సరిచూద్దాం.

మీరు పంపిన లెటర్ రెండో పేజీలో రూమ్ పూర్తిగా ఉచితమని, మీల్ ప్లాన్‌లో సగమే యూనివర్సిటీ భరిస్తుందని ఉంది. అంటే 2,700 డాలర్లు మీరే కట్టాలి. ఇంకో సంగతి, మీకు మిగిలేది డార్మిటరీ రేటు కాదు, ఇప్పుడు మీ చేతి నుంచి పోతున్న ఖర్చు. మీ అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్లతో అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. తన వాటా అద్దె 650, వంట సరుకులు 250, నెలకు 900. చదువు నడిచే తొమ్మిది నెలలకు 8,100. అందులో మీల్ ప్లాన్ 2,700 తీసేస్తే 5,400. సెలవుల్లో డైనింగ్ హాల్ మూసేస్తే సొంతంగా వండుకోవాలి కాబట్టి ఇంకో 300 తగ్గించండి. మిగిలేది 5,100. వేసవి మూడు నెలలు అద్దె ఎలాగూ తప్పదు.

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ తను లైబ్రరీలో వారానికి 12 గంటలు, గంటకు 14 డాలర్లకు పనిచేస్తోందని రాశారు. ఏడాదిలో 30 వారాలకు 5,040 డాలర్లు. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో అన్ని పనులూ కలిపి వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. రెసిడెంట్ అడ్వైజర్ పనీ ఆ 20లోకే వస్తుంది. దాన్నే 20 గంటల కింద లెక్కేస్తే లైబ్రరీ వదులుకోవాల్సిందే. అప్పుడు ఏడాది మొత్తానికి మీకు మిగిలేది 60 డాలర్లు!

కంగారు పడకండి. దాన్ని 14 గంటలుగా లెక్కేస్తే లైబ్రరీలో ఆరు గంటలు నిలబెట్టుకోవచ్చు. అప్పుడు 2,580 డాలర్లు మిగులుతాయి. డాలరు 90 రూపాయలు అనుకుంటే దాదాపు 2.3 లక్షలు. మీ 22 లక్షల మీద ఏడాది వడ్డీ 2.42 లక్షలు కాబట్టి, దాదాపు ఆ వడ్డీ అంతా ఈ మిగులులోనే తేలిపోతుంది. కాబట్టి సంతకం పెట్టే ముందు తను ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకు మెయిల్ పెట్టి, ఈ పనిని వారానికి ఎన్ని గంటలుగా చూస్తారో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. రెండో ఉద్యోగం చేయనిస్తారా అన్నది డార్మిటరీలు చూసే హౌసింగ్ ఆఫీసు వాళ్లను అడగాలి. కొన్నిచోట్ల వాళ్ల అనుమతి కావాలి.

మన బంధువుల్లో ఎవరైనా "ఆర్‌ఏ వచ్చిందా, ఇక ఫీజు లేదుగా!" అని ఉంటారు. ఎంఎస్ పిల్లల ఆర్‌ఏ అంటే రీసెర్చ్ అసిస్టెంట్, అది వేరు. ఇక్కడ ట్యూషన్ ఫీజు ఒక్క డాలరూ తగ్గదు. పైగా తనకు ఏదైనా స్కాలర్‌షిప్ వస్తుంటే, రూమ్ ఉచితమైందని దాన్ని తగ్గిస్తారేమో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అడగమనండి.

పన్ను గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. ఉద్యోగ షరతుగా డార్మిటరీలోనే ఉండాలన్నప్పుడు ఆ గది విలువను సాధారణంగా ఆదాయంగా చూడరు. ఆ షరతు లెటర్‌లో ఉండేలా చూసుకోండి. చేతికిచ్చే స్టైపెండ్ మాత్రం ఆదాయమే.

ఇక లోన్. మంజూరైన మొత్తం మీద కాదు, తీసుకున్న దాని మీదే వడ్డీ పడుతుంది. వాడకపోతే భారం లేదు, క్యాన్సిల్ చేస్తే మళ్లీ అడగడం కష్టం. తదుపరి విడతలో అవసరమైనంతే తీసుకోండి. నాకు తెలిసిన ఓ కుర్రాడు మార్కులు తగ్గి అక్టోబర్‌లో ఈ పదవి పోగొట్టుకున్నాడు. వారం తిరక్కుండానే మిగతా సెమిస్టర్‌కు రూమ్ బిల్లు అకౌంట్‌లో పడింది. అందుకే ఒక సెమిస్టర్ అద్దెకు సరిపడా డబ్బు పక్కన ఉండాలి. అది పోగయ్యాక మిగిలిన దానితో నెలకు 20 వేల చొప్పున వడ్డీ కట్టేయండి, అసలుకు కలవదు. మన ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కడుతుంటే ఆ వడ్డీకి మినహాయింపు ఉంది. కానీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి ఎనిమిదేళ్లే. ఏటా వెయ్యో రెండు వేలో కట్టి ఆ ఎనిమిదేళ్ల లెక్క ముందే మొదలెట్టుకోకండి.

అపార్ట్‌మెంట్ లీజు ఎప్పుడు ముగుస్తుందో కూడా చూడమనండి. ముగ్గురూ కలిసి సంతకం చేసి ఉంటే తను వెళ్లిపోయినా ఆ వాటా తన మీదే ఉండొచ్చు. ఆర్‌ఏ శిక్షణ కాలేజీ క్లాసులు తెరిచేలోపే, ఆగస్టులో మొదలవుతుంది. శీతాకాల సెలవుల్లో డార్మిటరీ మూసేదాకా ఉండాలి, మిగతా పిల్లలకంటే ముందే తిరిగి రావాలి. హౌసింగ్ క్యాలెండర్ చేతికొచ్చేదాకా డిసెంబర్ టికెట్ మాత్రం కొనకండి.