తొమ్మిదేళ్లయినా ఆవిడకు ఎందుకు తగ్గలేదని అడిగారు కదా

మీ పక్కింటి యాజిదీ ఆవిడ (ఉత్తర ఇరాక్‌ వైపు ఉండే ఓ చిన్న మతం వాళ్లు యాజిదీలు) కెనడా వచ్చి తొమ్మిదేళ్లయినా ఉన్నట్టుండి పడిపోతోందని, పరీక్షల్లో ఏమీ తేలలేదని, కొందరు నటన అంటున్నారని రాశారు. దయచేసి ఆ మాట నమ్మకండి.

నేను ఒంటారియోలోని లండన్‌లో ఉంటాను. ఐసిస్ చెర నుంచి బయటపడ్డవాళ్లు, వాళ్ల కుటుంబాలు కలిపి 1,200 మందిని తీసుకొస్తామని 2017లో కెనడా ప్రభుత్వం చెప్పింది. అలా వచ్చినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లలో ఒక కుటుంబానికి బ్యాంకు పనులకీ, పిల్లల స్కూలు పనులకీ తోడు వెళ్తుంటాను. డాక్టర్ని కాదు, దగ్గరుండి చూసింది చెబుతున్నాను.

ఆ ఇంట్లో తల్లికీ ఇలాగే అవుతుంది. మొదటిసారి ఆవిడ నా ఎదురుగా పడిపోయింది వంటింట్లో. చేతులకు రొట్టెల పిండి అలాగే ఉంది. నేను కంగారులో మన ఊళ్లో చేసినట్టు తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టబోయాను. పెద్ద కూతురు నన్ను ఆపి, తల కింద దిండు పెట్టి, చెవి దగ్గర కుర్మాంజీలో, అంటే వాళ్లు మాట్లాడే కుర్దిష్ భాషలో, ఏదో మెల్లగా చెబుతూ కూర్చుంది. ఏం చెప్పావని తర్వాత అడిగాను. "మన ఇంట్లోనే ఉన్నావమ్మా, నేను పక్కనే ఉన్నాను" అని.

చూడ్డానికి మూర్ఛలాగే ఉంటుంది గానీ ఈఈజీలో (మెదడు తరంగాల పరీక్షలో) మూర్ఛ గుర్తులు కనిపించవు. భరించలేని జ్ఞాపకం కదిలితే ఒళ్లు ఆవిడ స్వాధీనంలో ఉండదు. జర్మనీకి వెళ్లిన యాజిదీ ఆడవాళ్లలోనూ డాక్టర్లు ఇది చూశారు. గట్టిగా పట్టుకోవద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటితే 911కి ఫోన్ చేయండి.

ఇక తగ్గకపోవడం అంటారా, అసలు అయిపోతే కదా తగ్గడానికి! 2014 ఆగస్టు 3న ఐసిస్ వాళ్లు ఉత్తర ఇరాక్‌లో యాజిదీలు ఉండే సింజార్ మీద పడ్డారు. ఎత్తుకెళ్లింది 6,000 మందికి పైగా ఆడవాళ్లను, పిల్లలను. దాదాపు 2,600 మంది జాడ ఇప్పటికీ లేదు. ఈవిడ తమ్ముడూ వాళ్లలో ఉన్నాడు. సామూహిక గోతుల్లో తీసిన ఎముకలతో డీఎన్ఏ కలిసిందని కబురు రావచ్చు, బతికే ఉన్నాడనీ రావచ్చు. అందుకే ఫోను ఎప్పుడూ తలగడ పక్కనే. దినం చేయాలో దారి చూడాలో తెలియకుండా ఇన్నేళ్లు గడపడం ఎంత నరకమో ఆలోచించండి.

ఒకసారి కౌన్సెలింగ్‌కి తీసుకెళ్తే ఫోన్లో అరబిక్ దుబాసీని పెట్టారు, అదీ మగవాణ్ని. చెరలో ఆవిడ విన్న భాష అది. లేచి బయటికి వచ్చేసింది, ఏడాదిపాటు మళ్లీ ఆ గడప తొక్కలేదు. నాకు ఆ కోపం ఇంకా పోలేదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే కుర్మాంజీ వచ్చిన ఆడ దుబాసీ కావాలని గట్టిగా అడగండి.

ఏం జరిగిందని మాత్రం మీరుగా అడగొద్దు. ఆగస్టు మొదటి వారంలో నిద్ర ఉండదు, అప్పుడు వెళ్లి కూర్చోండి. పోయినేడు నేను వెళ్తే దోల్మా చుడుతోంది. సాయంత్రం దాకా ఇద్దరం ద్రాక్షాకులు చుట్టాం, మాటలు పెద్దగా లేవు. వెళ్లేటప్పుడు రేపు కూడా రమ్మంది.

మీది ఏ ఊరో చెప్పండి. అక్కడ కుర్మాంజీ దుబాసీలు దొరుకుతారేమో ఆవిడ కూతురిని కనుక్కుని రాస్తాను.