రమ్యకు: గ్రాఫు కాగితం మీద స్థలం, కాలం

చి. రమ్యకు,
ఆశీస్సులు.

సాపేక్ష సిద్ధాంతం (రిలేటివిటీ)లోని స్పేస్, టైమ్ పాఠం నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కడం లేదని రాశావు. అది చదివితే ఎక్కేది కాదమ్మా, గీస్తే ఎక్కుతుంది. అవెన్యూ రోడ్డు వైపు వెళ్లినప్పుడు సెంటీమీటరు గడులున్న గ్రాఫు పుస్తకం ఒకటి కొనుక్కో. పెన్సిలు, స్కేలు, ఒక ఎర్ర పెన్ను చాలు.

"అసలు కాలమంటే ఏమిటి" అన్న వేదాంతం ఇప్పటికి పక్కన పెట్టు. ఫిజిక్సులో కాలమంటే గడియారం చూపించేది, దూరమంటే స్కేలు చూపించేది. ఆ స్కేలు కూడా గడియారంలోంచే పుట్టింది. కాంతి శూన్యంలో సెకనుకు 29,97,92,458 మీటర్లు పోతుందని 1983లో ఖాయం చేసి, మీటరును దాని నుంచే నిర్వచించారు. బెంగళూరులో దూరం అడిగితే ఎవరూ కిలోమీటర్లు చెప్పరు, "గంటంపావు" అంటారు. సైన్సు చేసిందీ అదే. కాకపోతే కాంతికి సిల్క్ బోర్డు ట్రాఫిక్ లేదు.

రైల్వే కంట్రోల్ ఆఫీసులో ఒక చార్టు గీస్తారు. నిలువుగా స్టేషన్లు, అడ్డంగా గంటలు. బెంగళూరు నుంచి చెన్నైకి సుమారు 360 కిలోమీటర్ల దారిలో ప్రతి బండీ ఆ చార్టు మీద ఒక గీత. స్టేషనులో ఆగిన బండి గీత అడ్డంగా సాగుతుంది, వేగంగా పోయే బండిది నిటారుగా లేస్తుంది. రెండు గీతలు కలిసిన చోట రెండు బండ్లు ఎదురుపడ్డాయన్నమాట. ఆ చుక్కనే సంఘటన అంటాం: ఫలానా చోటు, ఫలానా క్షణం. 1908లో మింకోవ్‌స్కీ అనే గణిత శాస్త్రవేత్త స్థలాన్నీ కాలాన్నీ కలిపి చూపించిన బొమ్మా ఇలాంటిదే. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఫిజిక్సు పుస్తకాల్లో కాలం నిలువుగా ఉంటుంది, దూరం అడ్డంగా. చాలామంది తికమకపడేది ఇక్కడే.

ఇక నీ కాగితం. నిలువున ఒక గడి ఒక నానోసెకను (సెకనులో వందకోట్లో వంతు), అడ్డంగా ఒక గడి 30 సెంటీమీటర్లు. కాంతి నానోసెకనులో దాదాపు అంత దూరమే పోతుంది కాబట్టి దాని గీత 45 డిగ్రీల్లో వస్తుంది. సెకన్లు, మీటర్లు పెట్టి గీశావంటే కాంతి గీత నేలకు అతుక్కుపోతుంది, ఏమీ కనబడదు.

మధ్యలో ఒక నిలువు గీత గియ్యి. అది ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి. కాంతి వేగంలో 0.6 వంతుతో పోయే బండి గీయాలంటే ఆ గీత అడుగు నుంచి పది గడులు పైకి, ఆరు గడులు కుడికి. అది బండి నడిమధ్య కూర్చున్న ప్రయాణికుడి గీత. దానికి సమాంతరంగా నాలుగు గడులు ఎడమన వెనక గోడ, నాలుగు గడులు కుడిన ముందు గోడ గియ్యి. మొత్తం 240 సెంటీమీటర్లే, బండి కాదు, పుష్ ట్రాలీ అనుకో.

ప్లాట్‌ఫాం గీతా, ప్రయాణికుడి గీతా మొదలైన చుక్క దగ్గర ప్రయాణికుడు లైటు వేశాడు. రెండు వైపులా 45 డిగ్రీల గీతలు ఎర్ర పెన్నుతో లాగు. వెనక గోడ ఎదురొస్తోంది కాబట్టి కాంతి దాన్ని 2.5 నానోసెకన్లకే తాకుతుంది. ముందు గోడ పారిపోతోంది, దాన్ని అందుకునేసరికి 10 అవుతుంది. కానీ ప్రయాణికుడి లెక్కలో తను నడిమధ్య ఉన్నాడు, కాంతి వేగం ఎవరు కొలిచినా, ఏ వైపైనా ఒకటే, కాబట్టి రెండు గోడల్నీ ఒకేసారి తాకింది. ఆ రెండు చుక్కల్నీ కలుపు. ఆ వాలు గీతే అతని "ఒకేసారి". అడ్డంగా పది గడులకు ఆరు గడులు పైకి లేస్తుంది. పాఠమంతా ఈ ఒక్క గీతలో ఉంది. దీన్ని దాటేసి సూత్రాలు బట్టీ పడితే అడుగడుగునా చిక్కే.

ఇప్పుడు ప్రయాణికుడు పది గడులు పైన, ఆరు గడులు కుడిన ఉన్న చుక్కకు చేరాడు. అతని వాచీ ఎంత చూపిస్తుంది? స్కేలు పెట్టి ఆ గీత కొలవకు. కాగితం మీద అది 11.66 గడులు వస్తుంది, అబద్ధం. పైథాగరస్ ఇక్కడ కూడిక కాదు, తీసివేత: 100లోంచి 36 పోతే 64, వర్గమూలం 8. ప్లాట్‌ఫాం మీద 10 అయితే అతని వాచీ 8 చూపిస్తుంది, అంటే పరుగెత్తే గడియారం నెమ్మది.

"మరి ప్రయాణికుడి లెక్కలో ప్లాట్‌ఫాం గడియారమే కదా నెమ్మది, రెండూ ఎలా నిజమవుతాయి?" అని అడుగుతావు. ఆ చుక్క గుండా ఇందాకటి వాలులోనే గీత వెనక్కి లాగు. ప్లాట్‌ఫాం గీతను 6.4 దగ్గర కోస్తుంది. అంటే తన వాచీలో 8 అయినప్పుడు ప్లాట్‌ఫాం మీద 6.4 అయిందంటాడు అతను. 10కి 8 ఎంతో, 8కి 6.4 అంతే. ఎవరి "ఒకేసారి" వారిది, గొడవేమీ లేదు.

ఇది కాగితానికే పరిమితం కాదు. పైవాతావరణంలో పుట్టే మ్యూయాన్లు అనే చిన్న కణాల సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షలో వంతు). కాంతి వేగంతో పరుగెత్తినా ఆ లెక్కన 660 మీటర్లకే చావాలి, కానీ పరుగులో వాటి గడియారం మన లెక్కలో నెమ్మదిస్తుంది కాబట్టి నేలదాకా వస్తున్నాయి. నీ ఫోనులో జీపీఎస్ సంగతీ అంతే. వేగం వల్ల ఉపగ్రహంలోని గడియారం రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది, ఆ ఎత్తులో భూమి గురుత్వం తక్కువ పట్టడం వల్ల 45 ముందుకెళ్తుంది. మిగిలిన 38 సరిదిద్దకపోతే తప్పు రోజుకు 11 కిలోమీటర్ల చొప్పున పేరుకుంటుంది. ఆ 45 సంగతి ఐన్‌స్టీన్ 1915లో తేల్చిన గురుత్వ సిద్ధాంతంలోది, నీ పాఠంలో ఉన్న 1905 నాటి సాపేక్ష సిద్ధాంతంలోది కాదు. రెండూ ఇప్పుడే కలపకు, పరీక్షలో కూడా విడివిడిగానే అడుగుతారు.

ఆదివారంలోగా ఇదే బొమ్మ 0.8 వంతు వేగంతో, అంటే పది పైకి ఎనిమిది కుడికి, గీసి వాట్సాప్‌లో ఫోటో పంపు. వాచీ 6, ప్లాట్‌ఫాం 3.6 రావాలి. రాకపోతే వాలు గీత తప్పు గీశావన్నమాట, దాన్ని చెరిపి మళ్లీ గియ్యి. లైటు గీతలు మాత్రం ముట్టుకోకు.

పెదనాన్న