వెనకబడిన వారి వేగమే ఇద్దరి వేగం

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. మావారికి చాలా ఏళ్లుగా సైకిల్ తొక్కే అలవాటు ఉంది. ఆయనతో కలిసి వెళ్లాలన్న ఇష్టంతో మూడు నెలల కిందట నేనూ మొదలుపెట్టాను. ప్రతి ఆదివారం 25 కిలోమీటర్ల దాకా వెళ్తాం. సగం దూరానికే నాకు ఆయాసం వస్తుంది, తొడలు పట్టేస్తాయి. ఆయన ముందు వెళ్లి నా కోసం ఎదురుచూస్తుంటే చిన్నతనంగా ఉంటుంది. నా స్టామినా పెరిగే మార్గం చెప్పగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీవారు ముందు వెళ్లి ఎదురుచూస్తారన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎత్తు ఎక్కేసిన ఆయన ఒక కాలు నేలకు ఆనించి, నీళ్లు తాగి, నాలుగు నిమిషాలు సేదతీరతారు. మీరు రొప్పుతూ వచ్చి చేరగానే ‘వెళ్దామా’ అని పెడల్ మీద కాలు వేస్తారు. అక్కర లేనివారికి విశ్రాంతి దొరుకుతోంది, కావలసిన మీకు దొరకడం లేదు. బలమున్నవారు తమకు తెలియకుండానే చేసే పని ఇది కనుక ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఈ జవాబును మాత్రం ఇద్దరూ కలిసి చదవండి.

వారానికి ఒక్కసారి, అదీ శక్తికి మించిన వేగంతో తొక్కితే అలసట మిగులుతుందే తప్ప దమ్ము అంతగా పెరగదు. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలగడం, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరగడం, కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా వృద్ధి చెందడం వంటి మార్పులు తేలికైన శ్రమను తరచుగా చేస్తూ ఉంటే వారాల తరబడి నెమ్మదిగా జరుగుతాయి. అందువల్ల వారానికి మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక్కో రోజు విడిచి తొక్కండి. రెండు రోజులు అరగంట చొప్పున చాలు, మూడో రోజు ఇంకాస్త ఎక్కువసేపు తొక్కవచ్చు. పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగినంత వేగమే ప్రస్తుతానికి మీ వేగం. రెండు మాటలకే ఊపిరి అందకపోతే తగ్గించవలసిందే. ఆ మూడో రోజు సమయాన్ని వారానికి అయిదు, పది నిమిషాలకు మించి పెంచవద్దు.

తొడలు పట్టేయడానికి గేరు కూడా కారణం కావచ్చు. కొత్తవారిలో చాలామంది బరువైన గేరులో పెడల్‌ను బలవంతాన నొక్కుతూ పోతారు. తేలికైన గేరులో పెడళ్లు నిమిషానికి 70 నుంచి 80 చుట్లు తిరిగేలా తొక్కితే భారం కొంత గుండె, ఊపిరితిత్తుల మీదికి మళ్లి తొడలకు ఊరట కలుగుతుంది. ఎత్తు మొదలవకముందే గేరు తగ్గించుకోవాలి. సీటు ఎత్తునూ ఒకసారి చూసుకోండి: కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి, దాన్ని అట్టడుగుకు తెచ్చినప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. అలా ఉంటే, పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది.

ఇక కలిసి వెళ్లే పద్ధతి. చదును దారిలో, ముఖ్యంగా ఎదురుగాలిలో, ఆయన ముందు ఉండాలి. వేగం పెరిగేకొద్దీ మన శ్రమలో అధికభాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది కనుక ముందువారి చాటున సాగేవారికి శ్రమ బాగా తగ్గుతుంది. అయితే అలవాటయ్యేదాకా ఒక సైకిల్ పొడవంత ఎడం పాటించండి. మీ ముందు చక్రం ఆయన వెనక చక్రం పక్కకు ఎప్పుడూ చొరబడకూడదు, అవి రాసుకుంటే పడిపోయేది వెనక ఉన్నవారే. ఎత్తుల్లో వేగం తక్కువ కాబట్టి ఈ గాలి చాటుతో పెద్దగా పని ఉండదు. అక్కడ మీరే ముందుండి వేగం నిర్ణయించండి. ఆయనకు ఆ శ్రమ చాలదనిపిస్తే పైదాకా ఎక్కి, వెనక్కి దిగి వచ్చి, మీ పక్కన మళ్లీ ఎక్కవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఇదే, ఎందుకంటే ఎత్తు చివర ఎదురుచూసే మనిషి మీ పక్కనే తోడుగా ఉంటారు.

గంట దాటే ప్రయాణమైతే నీళ్లతో పాటు తినడానికి ఏదైనా ఉంచుకోండి. ఛాతీలో బిగుతు, తల తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే ఆగి వైద్యులకు చూపించుకోవాలి.

వచ్చే ఆదివారం 25 కిలోమీటర్లు వద్దు, 15 చాలు. ఇంటి ముందు దిగేటప్పుడు ఇంకో అయిదు తొక్కగలనని మీకు అనిపించాలి. అలా అనిపించిన వారం తర్వాతే దూరం పెంచండి.