స్టేజి మీద చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?
మాట్లాడేటప్పుడు బాడీ లాంగ్వేజ్ ఎలా ఉండాలి అని అడిగారు. చేతుల కన్నా ముందు చూపు సంగతి చూసుకోండి. హాలంతా గబగబా కళ్లు తిప్పకుండా, ఒక వాక్యం పూర్తయ్యేదాకా ఒక్కరినే చూడండి, తర్వాతి వాక్యానికి ఇంకోవైపు తిరగండి. చేతులు జేబుల్లో వద్దు. నడుముకు కాస్త పైన ఖాళీగా ఉంచితే మాటతోపాటు అవే కదులుతాయి. "మూడు కారణాలు" అంటూ రెండు వేళ్లు చూపిస్తే మాత్రం జనం వేళ్లే లెక్కపెడతారు! ముఖ్యమైన మాటకు ముందు నడక ఆపి ఒక్క క్షణం ఊరుకోండి. టెన్షన్‌లో ఆ మౌనం మీకే పొడుగ్గా అనిపిస్తుంది, వినేవాళ్లకు కాదు.

అన్నట్టు, ప్రసంగంలో మాటల విలువ 7 శాతమే, మిగతాదంతా గొంతు, హావభావాలే అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ లెక్కకు మూలమైన, 1967లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన ప్రయోగాలు ఇష్టాయిష్టాల వంటి భావాల గురించి, ప్రసంగాల గురించి కాదు.